పద్నాలుగో నంబరు కంపు కేసు

"మెర్ల్, రాసిపెట్టుకో. ఈ పార్కులో మూడొందల మంది ఉన్నారు. మెదడున్నవాడు మాత్రం ఒక్కడే. వాడు ఇప్పుడు నీ ఎదురుగా కూచుని నీ కాఫీ తాగుతున్నాడు."

నేను రాసిపెట్టుకోలేదు. ఇంకో కప్పు పోశాను, కాసేపైనా నోరు మూతపడుతుందని. పడలేదు.

ఆ మెదడున్నవాడి పేరు లైల్ హాగెన్. డులూత్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పార్కింగ్ మీటర్లు బాగుచేసి రిటైరయ్యాడు. అక్కడితో ఆగితే లోకానికి మంచి జరిగేది. రెండేళ్ళ కిందట మా క్లబ్బు హాల్లో ఎవరో వదిలేసిన అట్టపెట్టెడు డిటెక్టివ్ నవలలు వీడి కంటపడ్డాయి. వర్షం పట్టిన వారంలో అన్నీ నమిలేశాడు. అప్పట్నుంచి ఎవరి చెప్పు కనిపించకపోయినా "ఇందులో అంతర్జాతీయ ముఠా హస్తం ఉంది" అంటాడు.

నేను మెర్ల్ స్టాడ్లర్‌ని. నెబ్రాస్కాలో ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. డెబ్భై మంది పిల్లల అరుపులు భరించిన చెవులివి. ఆ పిల్లలే నయం, సాయంత్రానికి దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఇల్లులాంటి ట్రైలర్ బండ్లు నిలుపుకుని కాపురముండే ఆర్‌వీ పార్కుల్లో నేనూ మా ఆవిడ ఆర్డిస్సూ అనుభవించని సుఖం లేదు, పడని పాట్లూ లేవు. ఓక్లహామాలో ఒకడు "ప్రశాంత వాతావరణం" అని బోర్డు పెట్టాడు. మా తలగడకి ఇరవై అడుగుల్లో గూడ్సు రైలు పట్టాలు! ఆర్కన్సాలో "సరస్సు ఒడ్డున" అంటే ఎగేసుకుంటూ వెళ్ళాం. అది ఆవులు పొర్లే గుంట. కాన్సస్‌లో సుడిగాలి వస్తోందని సైరన్ మోగితే పార్కు పార్కంతా స్నానాలగదుల్లో దూరాం. ముక్కూ మొహం తెలీని ఒకావిడ అప్పుడే ఓవెన్లోంచి తీసిన పీచ్ పండ్ల 'పై' రొట్టె పళ్ళెంతో సహా పరిగెత్తుకొచ్చి, ఆ భయంలో తలా ఒక ముక్క పెట్టింది. అంత రుచైనది నేను మళ్ళీ తినలేదు.

ఇన్ని తిరిగి చివరికి టెక్సాస్ అడుగున, మెక్సికోకి అరగంట దూరంలో ఉన్న ఈ పెలికన్ పామ్స్‌లో కుదురుకున్నాం. మా ఉత్తరాదిలో మంచు మోకాలి లోతు పడే రోజుల్లో ఇక్కడ చొక్కా చేతులు మడుచుకుని, నేల మీద కర్రతో బిళ్ళలు తోసే షఫుల్‌బోర్డు ఆడుకోవచ్చు. ఏటా చలికాలానికి అవే మొహాలు, అవే కుర్చీలు, అవే జోకులు. బతుక్కి ఇంకేం కావాలి?

మంగళవారం పొద్దున ఆ హాయి కాస్తా చెడింది. పార్కు మేనేజరు ట్రిష్ గోల్ఫ్ బండిలో వచ్చి పద్నాలుగో నంబరు ముందు ఆగింది. అది లవోన్ గారి చోటు. లవోన్‌కి డెబ్భై తొమ్మిది, ఆవిడ ట్రైలర్‌కి ముప్ఫయ్యారు. పదేళ్ళు దాటిన బండిని రానివ్వకూడదని ఇక్కడ రూలు. పాత యజమాని ఆవిడ భర్త హార్లన్ మొహం చూసి ఒప్పుకున్నాడు. రెండేళ్ళ కిందట హార్లన్ పోయాడు. ట్రైలర్ లాగే ట్రక్కునీ, సౌత్ డకోటాలో ఇంటినీ అమ్మేసి, ఆవిడ ఏడాది పొడుగునా ఇక్కడే ఉండిపోయింది. ఈ పార్కు దాటితే ఆవిడకి మరో గుమ్మం లేదు.

"వారం నుంచీ ఇక్కడ భరించలేని కంపు కొడుతోందని డాలస్‌లో ఉన్న కొత్త యజమానికి ఎవరో రాశారు లవోన్," అంది ట్రిష్ కాగితం చేతిలో పెడుతూ. "కంపుకి కారణమైన బండి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చెయ్యాలట. పాత ట్రైలర్ కాబట్టి మీదేనని ఆయన తీర్మానించుకున్నాడు."

లవోన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది. "హార్లన్ ఉంటే ఏం చేసేవాడో," అని మాత్రం అంది.

నేనూ ఆర్డిస్సూ వెంటనే ఆవిడ ట్రైలర్ కింద దూరి చూశాం. మురుగు గొట్టం బిగుతుగా ఉంది, వాల్వు మూసి ఉంది, మరుగుదొడ్డి ట్యాంకు కడిగి ముత్యంలా పెట్టుకుంది. కంపు మాత్రం అక్కడే కొడుతోంది!

అదీ నేను కాఫీ తాగుతూ లైల్‌కి చెప్పిన సంగతి. చెప్పడం నా బుద్ధితక్కువ.

"ఈ కేసు నాది," అన్నాడు లైల్ లేచి నిలబడి. "లవోన్‌ని ఈ పార్కు నుంచి కదిలించే మగాడు ఇంకా పుట్టలేదు. కంపు, పాత ట్రైలరు, అన్నీ మన కళ్ళకి కట్టిన గంతలు. ఇది శవం!"

"శవం కాదురా నాయనా, మరుగుదొడ్డి కంపు."

"నువ్వెప్పుడైనా శవాన్ని వాసన చూశావా?"

"లేదు."

"మరి నోరు మూసుకో."

ఇక్కడొక విషయం చెప్పాలి. పదేళ్ళ కిందట ముక్కుకి ఆపరేషన్ జరిగాక లైల్‌కి వాసన అన్నది తెలీదు. మాడిన టోస్టుకీ మల్లెపూవుకీ వాడికి తేడా లేదు. పోయినేడాది దాకా పార్కు వాళ్ళ గదిలో అద్దెకుండేవాడు. ఈ నవంబర్లోనే తళతళలాడే కొత్త ట్రైలర్ కొని పదిహేనో నంబర్లో, లవోన్ పక్కనే దిగాడు. తలుపు మీద "ప్రధాన కార్యాలయం, ప్రవేశం నిషిద్ధం" అని అట్టముక్క తగిలించాడు.

"నీ ముక్కు, నా మెదడు," అన్నాడు నా భుజం తట్టి. "పద."

బుధవారం పొద్దంతా వాడు భూతద్దంతో ముందు, నేను ముక్కుతో వెనక. నలుగురూ చూస్తుండగా పొదల్లో, చెత్తడబ్బాల దగ్గర, షఫుల్‌బోర్డు చుట్టూ వాసన చూశాను. ఎటు వెళ్ళినా నా ముక్కు తిప్పి తిప్పి పద్నాలుగుకీ పదిహేనుకీ మధ్యకే లాక్కొచ్చింది.

"ఇక్కడే లైల్. ఇక్కడే ఎక్కువ."

"అదే హంతకుడి తెలివి! డిటెక్టివ్ గుమ్మంలోనే వాసన వదిలితే ఎవరూ అనుమానించరని. కరడుగట్టిన బుర్ర."

"మెర్ల్, డెబ్భై రెండేళ్ళొచ్చాయి, కుక్కలా ఆ వాసన చూడ్డాలేంటి?" అని అరిచింది ఆర్డిస్ మా ట్రైలర్ పందిరి నీడలోంచి.

"లవోన్ కోసమే!" అని అరిచాను. అది నిజమే. అందుకే ఊరుకుంది.

గురువారం లైల్‌కి అనుమానితురాలు దొరికింది. ఇరవై మూడో నంబరు ఫిలిస్. ఆవిడ భర్త గోర్డన్ నాలుగు రోజులుగా ఎవరికీ కనిపించలేదు. గోర్డన్ అంటే షఫుల్‌బోర్డు దగ్గర నోరు మూయని మనిషి. లైల్ టోపీ కళ్ళమీదికి లాక్కుని వెళ్ళి తలుపు కొట్టాడు.

"మేడమ్, మీ భర్త ఎక్కడ?"

"చేపలకెళ్ళాడు," అంది ఫిలిస్ తలుపు సందులోంచి.

"మరి గాలాలన్నీ మీ మెట్ల కిందే ఉన్నాయేం?"

ఫిలిస్ మొహం కందగడ్డయింది. "చేత్తో పడతాడు!" అని ఠపీమని తలుపేసింది.

లైల్ నా చెయ్యి నొక్కాడు. "చూశావా? నేరానికి భయం తోడయితే ఆ ఎరుపు వస్తుంది. ఆవిడ వంటింటి చెత్తబుట్టలో ఏముందో చూశావా? సూప్ డబ్బాలు! తొమ్మిది! గోర్డన్‌కి స్టేక్ తప్ప గొంతు దిగదు. అంటే ఆవిడ ఒక్కతే తింటోంది."

నాకు కూడా ఒక్క క్షణం నిజమేననిపించింది, దాచడమెందుకు?

అటు లవోన్ పెట్టెలు సర్దుకోవడం మొదలెట్టింది. ఎక్కడికో ఆవిడకే తెలీదు. గాజుసామాను పాత పేపర్లలో చుడుతుంటే ఆర్డిస్ సాయానికెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. "మీ డిటెక్టివ్‌తో చెప్పు, రేపటికి ఏదీ తేల్చకపోతే వాడి భూతద్దం వాడికే మింగిస్తానని," అంది.

శుక్రవారం పదకొండున్నరకి లైల్ అందర్నీ పద్నాలుగో నంబరు ముందుకి రమ్మన్నాడు. మా పార్కులో జనం ఎక్కడికి పిలిచినా ఎవరి మడతకుర్చీ వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరో ఒకరు తినడానికి పళ్ళెం తెస్తారు. నలభై కుర్చీలూ, నాలుగు పళ్ళేలూ వచ్చాయి. అందరూ ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్నారు. ట్రిష్ గోల్ఫ్ బండిలో వచ్చి ఓ పక్కన ఆగింది. లవోన్ తన మెట్ల మీద, పెట్టెల మధ్య కూచుంది.

లైల్ గొంతు సవరించుకున్నాడు. "మహాజనులారా! మీరు కంపు అనుకుంటున్నది కంపు కాదు, ఒక అభాగ్యుడి ఆర్తనాదం. నేరస్థుడు మన మధ్యనే ఉన్నాడు! ఈ కుర్చీల్లోనే ఉన్నాడు!"

"ఏ కుర్చీయో చెప్పెయ్, మిగతావాళ్ళం భోజనానికి పోతాం," అంది ఆర్డిస్.

"ఫిలిస్!" అని వేలు చూపించాడు లైల్. "గోర్డన్‌ని ఏం చేశావ్? ఎక్కడ పాతావ్?"

జనం హాహాకారాలు చేశారు. ఒకాయన కుకీ కింద పడేశాడు. ఫిలిస్ నోరు తెరిచేలోగా ఇరవై మూడో నంబరు తలుపు ధడాలున తెరుచుకుంది. నోటికి తువ్వాలు చుట్టుకుని గోర్డన్ చిందులు తొక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"నేను థావలేదురా!" అన్నాడు తువ్వాలు పీకి పారేసి. లోపల ఒక్క పన్ను లేదు. "వంతెన దాటి మెక్ఫికో వెళ్ళి పళ్ళన్నీ పీకింథుకున్నా. కొత్తవి ఫోమవారం ఇఫ్తారు. ఈ మొహం మీకు థూపింథడం ఇష్టం లేక దాక్కున్నా. ఇప్పుడు తృప్తేనా, ఎదవా?"

పీకించుకోవడం మాలో సగం మంది చేసిన పనే. చలికాలానికి రావడం, సరిహద్దు వంతెన దాటి చవగ్గా పళ్ళు కట్టించుకోవడం మామూలే. నలభై మంది అయ్యో పాపమని ఇకిలించారు. ట్రిష్ గడియారం చూసుకుంది. పన్నెండుకి పది నిమిషాలు. లవోన్ లేచి మొదటి పెట్టె ఎత్తింది.

గోర్డన్ పిడికిలి బిగించి మీదికొస్తుంటే లైల్ వెనక్కి ఒక అడుగేశాడు. ఇంకోటేశాడు. మూడో అడుగు తన కొత్త ట్రైలర్ కిందనుంచి వచ్చే మురుగు గొట్టం మీద పడింది. కాలు జారి చతికిలబడ్డాడు. గొట్టం ట్రైలర్ దగ్గర ఊడొచ్చింది.

నలభై మందీ కుర్చీలతో సహా పది అడుగులు వెనక్కి గెంతారు. అలాంటప్పుడు ఏం వస్తుందో మాకందరికీ తెలుసు.

ఒక్క చుక్క రాలేదు. వచ్చిందల్లా వాసన. బాబోయ్, అదీ వాసనంటే! రుమాళ్ళని చీల్చుకుని వచ్చింది.

ఆర్డిస్ ముక్కు మూసుకుని దగ్గరికెళ్ళి వంగి చూసింది. "లైల్, ట్యాంకు వాల్వు పిడి బయటికి లాగి ఉందేంటి?"

"ఎప్పుడూ అలాగే ఉంటుంది," అన్నాడు లైల్ కూచున్న చోటునుంచే.

"ఎప్పుడూ అంటే?"

"నవంబరు నుంచీ. గొట్టం తగిలించాక తెరిచి ఉంచితే దేనికది పోతుంది కదా. రోజూ వంగి తెరవక్కర్లేదు. మీకెవరికీ తట్టలేదు."

హత్య అన్నప్పుడు కూడా మా వాళ్ళు అంత అదిరిపోలేదు. వెనకనుంచి ఎవరో "దేవుడా" అన్నారు. వాల్వు మూసే ఉంచి, ట్యాంకు నిండాక ఒక్కసారిగా వదలాలి. ట్రైలర్ కొన్న మొదటి రోజు మాలో అందరూ నేర్చుకునే పాఠం అది. తెరిచి ఉంచితే నీళ్ళు జారిపోతాయి, మిగిలింది లోపలే కుప్పపడి ఎండుతుంది. మూడు నెలల కుప్ప! ఆ కంపు పైకప్పు మీది గొట్టంలోంచి లేచి, ఆగ్నేయపు గాలికి తిన్నగా లవోన్ కిటికీలోకి కొడుతోంది.

"ఏడాది కూడా నిండని కొత్త బండి," అంది ట్రిష్ తనలో తను.

లైల్ మెల్లగా లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. లవోన్ వైపు చూశాడు, ఆవిడ చేతిలో పెట్టె చూశాడు.

"నా వల్లనా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని బయటికి తోసింది నేనా?" ఆవిడ ముందు చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇలా ఇవ్వండి. మధ్యాహ్నానికి నేను ఖాళీ చేస్తాను."

"ఆ ట్యాంకుతో రోడ్డెక్కితే దారిలో ఊళ్ళన్నీ నన్ను తిడతాయి," అంది ట్రిష్. "నువ్వెక్కడికీ కదలవు. నిండా నీళ్ళు పోసి, మూసి, మూడు రోజులు నాననివ్వు. చుక్క కూడా వాడకు." లవోన్ ఏప్రన్ జేబులోంచి కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి గోల్ఫ్ బండి మీద పెట్టి, పైకి చదువుతూ రాసింది: "కంపు ఈ ఏటి మోడల్‌ది. దోషం బాగుచేయిస్తున్నాం. పద్నాలుగో నంబరు ట్రైలర్ ఈ పార్కులోకెల్లా శుభ్రమైనది. దాన్ని కదిలించే ప్రశ్నే లేదు. కావాలంటే వచ్చి వాసన చూసుకోండి." కింద సంతకం చేసి మా అందరిచేతా చేయించింది. గోర్డన్ అందరికంటే పెద్దగా చేశాడు.

లవోన్ పెట్టె కింద పెట్టి దాని మీదే కూచుండిపోయింది. ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆర్డిస్ పక్కన కూచుని వీపు నిమిరింది. నేను గొట్టం బిగిస్తున్నట్టు అటు తిరిగాను.

లైల్ అయితే ఒంటిగంటకల్లా తేరుకున్నాడు. "గమనించావా మెర్ల్? నేరస్థుడు మన మధ్యనే ఉన్నాడని నేనే చెప్పాను. దొరకబుచ్చుకున్నదీ నేనే. చేజేతులా!" అన్నాడు ట్యాంకులోకి నీళ్ళు పోస్తూ.

"చేతుల్తో కాదురా, పిర్రలతో."

రెండున్నరకి వాడు కాళ్ళు మార్చి మార్చి నిలబడటం మొదలెట్టాడు. క్లబ్బు హాలు మరుగుదొడ్డి పార్కుకి ఆ కొసన ఉంది. వాడు బీపీకి వేసుకునే మాత్ర అంత దూరం ఆగనివ్వదు. ఎటు వెళ్ళాలో తోచక గింజుకుంటుంటే లవోన్ తలుపు తెరిచింది.

"లోపలికి రా లైల్. కాళ్ళు తుడుచుకుని రా. ఏ పిడీ ముట్టుకోకు."

లైల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, పెట్టెల మధ్యనుంచి ఒంటికాలి మీద లోపలికి పోయాడు. నేనూ ఆర్డిస్సూ ఆవిడ గాజుసామాను మళ్ళీ అల్మరాలో సర్దుతున్నాం. కాసేపటికి నీళ్ళ చప్పుడు, వెంటనే లోపల్నుంచి లైల్ గొంతు.

"మేడమ్! ఎవరూ కదలకండి! ఇక్కడ సబ్బు తడిగా ఉంది! నాకంటే ముందు ఎవరో ఇక్కడికొచ్చి చేతులు కడుక్కున్నారు!"

"నేనే, లైల్," అంది లవోన్ ఆఖరి కప్పు అరలో పెడుతూ. "ఇది నా ఇల్లు."