మూణ్ణెల్లకి ఒక ఔన్సు కనికరం

మనిషి కనిపెట్టిన కొలతలన్నిటిలోకీ గొప్పది ఔన్సు. కిలోలు ఉల్లిపాయల్ని కొలుస్తాయి, మీటర్లు గుడ్డని కొలుస్తాయి, లీటర్లు పాలని కొలుస్తాయి. ఇవన్నీ ఉన్నవాటిని కొలిచే కొలతలు. లేనిదాన్ని కొలవడానికి పుట్టింది మాత్రం ఔన్సొక్కటే. ఎప్పుడు చూసినా ఒకటి తక్కువుంటుంది.

ఈ సత్యం నాకు మా అక్కకి కొడుకు పుట్టాక బోధపడింది. వాడు రావాల్సిన రోజుకి ఆరు వారాల ముందే చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. మేమింకా పేరు పెట్టలేదు. ఆస్పత్రివాళ్లు మాత్రం పెట్టేశారు, పదకొండంకెల పేరు. ఇంట్లో బుడంకాయ్ అంటాం, ఎందుకంటే పదకొండంకెలు పెట్టి ముద్దు చేయడం కష్టం.

బుడంకాయ్‌ని గాజుగదిలో పెట్టారు. రెండు వారాలకి డాక్టరమ్మ వచ్చి చూసి, "బంగారంలా ఉన్నాడు, పట్టుకెళ్లిపోండి" అని సంతకం పెట్టేసింది. మేం సంబరపడిపోయాం. ఆ సంబరం ఇంటికి పంపే కౌంటర్ దాకా నిలిచింది. అక్కడ తెలిసిందేంటంటే, డాక్టరు సంతకం ఒక అభిప్రాయం. త్రాసు అంకె సాక్ష్యం.

ఆ త్రాసు ఎక్కడో దూరదేశంలో తయారైంది. ఔన్సుల్లో తప్ప మాట్లాడదు. గ్రాముల్లోకి మార్చే బటన్ దానికి లేకపోలేదు. కానీ ఎవరైనా నొక్కేస్తారేమోనని దాని మీద లక్క పోసి సీలు వేశారు. సీలు తియ్యాలంటే కొలతల కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే త్రాసు సరిగ్గా పనిచెయ్యట్లేదని రుజువు కావాలి. త్రాసు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మా గొడవంతా అదే.

ఇంటికెళ్లడానికి వాడు తూగాల్సింది డెబ్బై రెండు ఔన్సులు, అంటే రెండు కిలోల పైన ఇంకొంచెం. వాడు డెబ్బై ఒకటి తూగాడు.

"ఒక్క రోజేగా, రేపు తూగుతాడులే" అంది అక్క. తనని అప్పటికే ఆస్పత్రి నుంచి పంపించేశారు (తల్లులకి బరువు నిబంధన లేదు). రోజుకి ఇరవై నిమిషాలు బిడ్డని ఒళ్లోకి ఇస్తారు. మిగతా టైమంతా వరండాలో బెంచీ మీద కూర్చుని, వాడి ఊలు టోపీ మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం.

మర్నాడు వాడు డెబ్బై రెండు తూగాడు. ఆ పూట లక్ష్యం డెబ్బై మూడు.

మూడోనాడు డెబ్బై మూడు తూగాడు. లక్ష్యం డెబ్బై నాలుగు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక్క చూపులో అర్థమైపోయింది. బిడ్డ వయసుని బట్టి లక్ష్యం రోజుకో ఔన్సు పెరిగేలా ఆస్పత్రి యాప్‌లో ఎవరో మహానుభావుడు రాసిపెట్టాడు. బుడంకాయ్ కూడా బుద్ధిమంతుడిలా రోజుకో ఔన్సు పెరుగుతున్నాడు. కూర్చుని లెక్కేశాను. ఈ లెక్కన ఇరవయ్యేళ్లకి వాడు రెండొందల కిలోలు దాటతాడు, అయినా ఒక ఔన్సు తక్కువే ఉంటాడు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ ఆ గాజుగోడ అవతల నుంచే ఇవ్వాలి. (రాసినవాణ్ణి తిట్టుకుందామనుకున్నాను గానీ నోరు రాలేదు. ఇలాంటివి నేనూ రాసి, శుక్రవారం సాయంత్రం పంపించేసి, ఇంటికెళ్లి పడుకున్నదాన్నే.)

ఆ కౌంటర్‌లో కూర్చునే ఆయన హోదా 'నిర్గమన బరువుల ధ్రువీకరణ అధికారి'. అంత నోరు తిరక్క జనం తూకం సార్ అంటారు. ఆయనకి నా లెక్క చూపించాను. శ్రద్ధగా చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మీ బాబు వెనకబడలేదమ్మా" అన్నాడు. "లక్ష్యం ముందుకెళ్తోంది. రెండూ వేరువేరు."

"మరి ఎప్పటికి అందుకుంటాడు సార్?"

"అది ప్రగతి విభాగంవాళ్లని అడగాలి. నేను బరువు వరకే."

ఆరో రోజున అద్భుతం జరిగింది. డెబ్బై ఏడుకి డెబ్బై ఏడూ తూగాడు! అక్క ఆ పొద్దున ఇచ్చిన ఇరవై నిమిషాల్లో నలభై నిమిషాల పాలు పట్టింది. తూచే సిస్టర్ "వచ్చేశాడ్రోయ్" అని అరిచింది. అంకె ఎక్కించే బటన్ మీదికి వేలు తీసుకెళ్తుండగా వాడు, ఆనందం పట్టలేక అనుకుంటాను, పక్కనున్న తువ్వాలు మీదికి ధారగా పోసేశాడు. డెబ్బై ఆరు.

నేను తడిసిన తువ్వాలుని పట్టుకుని కౌంటర్‌కి పరిగెత్తాను. "సార్, ఆ ఔన్సు ఎక్కడికీ పోలేదు. ఇదుగో, ఇందులోనే ఉంది. తూచుకోండి."

తూకం సార్ తువ్వాలుకి రెండడుగుల దూరం జరిగి, "బిడ్డ నుంచి విడివడినది బిడ్డ కిందికి రాదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన చెప్పిన తీరు చూస్తే ముందెవరో తెచ్చినట్టే ఉంది, తువ్వాలు.

పదో రోజుకి అక్క టోపీ మడతపెట్టడం మానేసింది. చేతిలో ఊరికే పట్టుకుని కూర్చుంది.

"వాడికి నా గొంతు గుర్తుంటుందంటావా?" అంది.

"ఎందుకుండదే?"

"పొద్దస్తమానం ఆ యంత్రాల చప్పుడే వింటున్నాడుగా. రేపు ఇంటికొచ్చాక నేను జోకొడితే నిద్రపోడేమో. బీప్ బీప్ అనాలేమో."

నవ్వించడానికే అంది. ఇద్దరం నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే గోడ మీద ఓ ఉత్తర్వు కంటపడింది. దాని పుట్టుక కొంచెం చెప్పాలి. ఫిర్యాదుల పెట్టె తెరిచినప్పుడల్లా ఒకే రకం చీటీలు వస్తున్నాయట. "మీకు వీసమెత్తు జాలి లేదా?" "రవ్వంత కనికరం చూపితే సొమ్మేం పోయింది?" "పిసరంత మానవత్వం ఉంటే ఇలా చేస్తారా?" ఇసుమంత అని కొందరు, ఆవగింజంత అని ఇంకొందరు. యాజమాన్యం వీటిని చాలా సీరియస్‌గా తీసుకుంది. జనం ఇంత కచ్చితంగా పరిమాణం చెప్పి మరీ అడుగుతుంటే సరఫరా చెయ్యకపోవడం తప్పని ఒప్పుకుంది. అయితే వీసం, రవ్వ, పిసరు, ఇసుము, ఆవగింజ అనే కొలతలు యాప్‌లో లేవు. ఉన్నదొక్కటే, ఔన్సు. కాబట్టి ఆ ఐదూ ఒక్కొక్కటీ ఒక ఔన్సుకి సమానమని తీర్మానించారు. (ఆవగింజ ఔన్సు తూగదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. అది అనుబంధంగా జతచేశారు. ఆవగింజతో సహా.)

ఉత్తర్వు సారాంశం: మూడో గ్రేడు, ఆపై అధికారులందరికీ మూణ్ణెల్లకోసారి తలా ఒక ఔన్సు కనికరం కేటాయించడమైనది. ఇది వేరొకరికి బదిలీ చెయ్యరాదు. గడువులోగా వాడనిది రద్దవుతుంది. నర్సులు, ఆయాలు మూడో గ్రేడుకి దిగువన ఉన్నందున వారికి కోటా వర్తించదు.

నేను అక్కని చెయ్యి పట్టుకుని లేపాను. "లే. మనకి కావాల్సింది సరిగ్గా ఒక ఔన్సు. తూకం సార్ దగ్గరున్నదీ సరిగ్గా ఒక ఔన్సు."

కనికరం దరఖాస్తు నాలుగు పేజీలు. మూడో పేజీలో 'దుఃఖ తీవ్రత' అని ఉంది. తక్కువ, మధ్యస్థం, నమోదుకి అర్హం. అక్క మూడోదానికి టిక్కు పెడుతుంటే కాగితం మీద చుక్క పడింది.

"కన్నీళ్లు పక్కకమ్మా, పక్కకి" అన్నాడు తూకం సార్. "సిరా చెదిరితే మళ్లీ మొదటి పేజీ నుంచి రాయాలి." మంచిమనిషి, మా మేలు కోరే చెప్పాడు.

దరఖాస్తు మొత్తం చదివాడు.

"ఒక్క ఔన్సే కదా సార్" అంది అక్క.

"అందరూ అదే మాటమ్మా, ఒక్క ఔన్సే కదా, ఒక్క ఔన్సే కదా. డెబ్బై రెండు మందికి తలా ఒక ఔన్సు వదిలేశాననుకోండి. లెక్కలో నిండు పిల్లాడు తేడా వస్తాడు. రేపు ఆడిట్‌లో ఆ పిల్లాడేడీ అంటే ఎవర్ని చూపించాలి? వాడి తల్లెవరంటే నేను చెయ్యెత్తాలా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను అందుకున్నాను.

"మీ కోటా వాడేశారా సార్?"

"లేదు. దాచాను."

"ఎవరి కోసం?"

"నిజంగా అవసరమైనవాళ్ల కోసం."

"మాకంటే అవసరమైనవాళ్లెవరు సార్? పసిబిడ్డ, తల్లి..."

"మీరు అడుగుతున్నారుగా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నిజంగా అవసరమైనవాళ్లకి అడిగే ఓపిక కూడా ఉండదు. అలాంటివాళ్లు వస్తే నేనే గుర్తుపట్టి ఇస్తాను."

"గడువు ఎల్లుండితో అయిపోతుంది సార్. వాడకపోతే రద్దు."

"అవునమ్మా." ఆయన నిజంగానే నిట్టూర్చాడు. "ఈసారి కూడా ఎవరూ రాలేదు."

పదకొండో రోజు పొద్దున ఆరింటికి తూకం. ఆ గదిలోకి ఒక్కరినే రానిస్తారు. అక్క, "నేను చూడలేనే, నువ్వెళ్లు" అంది. వెళ్లాను.

తూచే సిస్టర్‌కి యాభై దాటుంటాయి. ఎప్పుడూ చిటపటలాడుతూ ఉంటుంది. మొదటిరోజు నన్ను చెప్పుల శబ్దం చేశానని తిట్టింది, రెండోరోజు చెప్పులు విప్పానని తిట్టింది. బుడంకాయ్‌ని దుప్పట్లోంచి తీసి త్రాసు పళ్లెంలో పడుకోబెట్టింది. లక్ష్యం ఎనభై రెండు. ఎర్రంకెలు అటూఇటూ ఊగి ఆగాయి. ఎనభై ఒకటి.

సిస్టర్ అంకెని చూసింది. గాజుతలుపు అవతల బెంచీ మీదున్న అక్కని చూసింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకట" అని తనని తనే తిట్టుకుంది.

"ఏంటమ్మాయ్, కళ్లప్పగించి చూస్తున్నావ్? ఆ కిటికీ తెర సరిగ్గా ఉందో లేదో చూడు."

చూశాను. తెర సరిగ్గానే ఉంది. తిరిగేసరికి ఆవిడ ఎడమచేతి చిటికెన వేలు పళ్లెం అంచు మీద ఉంది, పాటలో తాళం వేసేవాళ్లు ఆపి ఉంచినట్టు. అంకె ఎనభై రెండు. కుడిచేత్తో బటన్ నొక్కేసింది.

"తీసుకుపొండి. మళ్లీ పోసేలోపు."

అక్క వాణ్ణి గుండెకి హత్తుకుని టోపీ పెట్టింది. టోపీ పెద్దదైంది, కళ్ల మీదికి జారింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. "ఓర్నాయనో, ఓర్నాయనో, అమ్మనిరా" అంది అక్క. ఠక్కున ఆపేశాడు. అక్క నా వైపు చూసింది. గొంతు గుర్తుపట్టాడు. నేను వెంటనే మా చెప్పులు వెతికే పనిలో పడ్డాను, ఏడుపు మొహం ఎవరికీ చూపించకూడదని నాకో నియమం.

వెలుపలి తలుపు తెరుచుకోలేదు. పక్కనున్న తెర మీద, 'మీ అభిప్రాయం సమర్పించిన తరవాత తలుపు తెరుచుకుంటుంది' అని వచ్చింది. బావ అవతల బండి స్టార్ట్ చేసి చెయ్యూపుతున్నాడు. అక్క చేతిలో పిల్లాడు. నేను టైపు చెయ్యడంలో స్పీడు.

'సిబ్బందిలో ఎవరైనా మీ పట్ల కనికరం చూపారా?'

"సిస్టర్ గురించి రాయవే" అంది అక్క. వేలి సంగతి తనకి తెలీదు. "పాపం రోజూ తిడుతూనే నాకు వేణ్ణీళ్లు తెచ్చిచ్చేది. ఆవిణ్ణి ఎవరు మెచ్చుకుంటారు? కొండంత మనసని రాయి."

కొండంత అని రాశాను. తెర ఎర్రబడింది. 'గుర్తింపు లేని కొలత. పరిమాణాన్ని ఔన్సుల్లో, అంకెల్లో నమోదు చెయ్యండి.'

నా చదువంతా నాకు నేర్పింది ఒక్కటే, ఫారంలో అబద్ధం రాయకూడదని. ఒకటి అని కొట్టాను. సిస్టర్ పేరు, డ్యూటీ టైము ఎంచుకున్నాను. ఐదు నక్షత్రాలు వెలిగించాను. తలుపు తెరుచుకుంది.

ఐదోరోజున ఇంటికి మెసేజ్ వచ్చింది.

'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. కోటా లేని ఉద్యోగి ఒకరు ఒక ఔన్సు కనికరం పంపిణీ చేసినట్టు మీరిచ్చిన సమాచారాన్ని, అదే సమయానికి త్రాసులో పెరిగిన ఒక ఔన్సుతో సరిపోల్చి చూడడమైనది. సదరు ఉద్యోగిని, విచారణలో తేలిన ప్రకారం, చిటికెన వేలు పళ్లెం మీద ఆనించమని అధికారుల సమక్షంలో మూడుసార్లు తూచగా, మూడుసార్లూ సరిగ్గా ఒక ఔన్సు వచ్చింది. ఇంత కచ్చితత్వం ఒక్కరోజులో అబ్బేది కాదు కనుక, గత పదకొండేళ్లలో ఆమె డ్యూటీలో ఇళ్లకి వెళ్లిన పిల్లలందరి జాబితా తీస్తున్నాం. ఆమెను త్రాసులు లేని విభాగానికి, దుప్పట్లు ఉతికేచోటికి, మార్చడమైనది. మీ వంటి బాధ్యతగల పౌరుల వల్లే ఇది సాధ్యమైంది.'

నేను రెండుసార్లు చదివాను. పక్కగదిలో అక్క వాడికి పాలు పడుతూ, "ఆ సిస్టర్‌కి మంచి పేరొచ్చుంటుంది కదే?" అంది.

మెసేజ్ కింద ఓ ప్రశ్న ఉంది. 'తీసుకున్న చర్యతో మీకు తృప్తి కలిగిందా?' బటన్లు రెండే ఇచ్చారు: 'అవును', 'చాలా అవును'.

ఏదీ నొక్కకుండా ఫోన్ బోర్లించి పెట్టాను. కాసేపటికి మళ్లీ తీసి చూస్తే, పది నిమిషాల్లో జవాబు రానందున 'చాలా అవును'గా నమోదు చేసుకున్నామని, సహకరించినందుకు ధన్యవాదాలని ఉంది.