నీళ్ళ డ్రమ్ములో ముగ్గురు దేవుళ్ళు

బుధవారం పొద్దున ఏడింటికి ఎర్రగుంట్ల బస్సు దిగేటప్పటికి వీరభద్ర మేస్త్రీ రోజంతా ఏం చేయాలో లెక్క వేసుకున్నాడు. ఇంటికి పోవాలి, పెరట్లో నీళ్ళ డ్రమ్ములో నానుతున్న మూడు కాంక్రీటు దిమ్మెలు తీయాలి, తువ్వాల్లో మూటగట్టుకుని పదకొండుకల్లా కడప కాలేజీ ల్యాబుకు చేరాలి. అక్కడి మిషను కింద దిమ్మెలు గట్టిగా నిలిస్తే మగ్గాల వీధి నీళ్ళ ట్యాంకు బతుకుతుంది. లేకపోతే సాయంత్రానికల్లా దాన్ని కూలగొట్టే కాగితం మీద సంతకం పడుతుంది.

ట్యాంకు నెర్రెలిచ్చి ఏడాదైంది. కారిన నీళ్ళు గుంట మగ్గాల్లోకి ఊరుతుంటే, నేసేవాళ్ళు తడిగుంటలో కాళ్ళు పెట్టుకునే చీరలు నేస్తున్నారు. కూలగొడితే కొత్తది కట్టేదాకా ట్యాంకరే గతి, ఆ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. నాపరాయి పాలిష్ మిల్లులు రోడ్డు పక్కన పారబోసే బురదను వీరభద్ర ఎండబెట్టి జల్లించాడు. దానికి కరెంటు ఫ్యాక్టరీ బొగ్గు బూడిద, కాస్త సిమెంటు కలిపి మరమ్మతు పొడి తయారుచేశాడు. "చెత్తతో ట్యాంకు బాగుచేస్తాడంట!" అని వీధి వీధంతా నవ్వింది. పాపం, ఆ మాట అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో కూడా ఆ ఊసెత్తలేదు. ఇంజనీరు నెహెమ్యా ఒక్కడే నవ్వకుండా, దిమ్మెలు పోసి ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి పరీక్షకు తెమ్మన్నాడు. ఇవాళే ఆ ఇరవై ఎనిమిదో రోజు.

మరింత బూడిద కోసం ఎర్రగుంట్ల పోయి మూడు రోజుల తర్వాత వచ్చిన వీరభద్ర నేరుగా పెరట్లోకి నడిచాడు. డ్రమ్ము ఖాళీగా ఉంది.

"మా! దిమ్మెలు యాడ?"

తల్లి మల్లక్క నుదుటి నిండా విభూతితో బయటికొచ్చింది. "యాడుంటాయి నాయనా, ట్యాంకు కింద అరుగు మీద ఉండాయి. సోమవారం శానా మంచి ముహూర్తమంట. ప్రతిష్ఠ చేసేసినాము."

"ప్రతిష్ఠా!"

"నువ్వే గదా, ఇరవై ఎనిమిది దినాలు నీళ్ళల్లోనే ఉండాల, ఎవురూ ముట్టుకోగూడదు అంటివి. జలాధివాసమని నాకు తెలీదా? రెండు దినాలు ముందైతే దేవుడేమనుకోడులే."

ప్రతిష్ఠకు ముందు దేవుడి రాయిని నీళ్ళలో ఉంచడం మల్లక్క చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. వీరభద్ర రోజూ స్నానం చేసి డ్రమ్ములోకి తొంగిచూసేవాడు, దగ్గరికొచ్చినవాళ్ళను కసిరేవాడు. అలాంటి కొడుక్కి లేటుగానైనా భక్తి కుదిరిందనుకోక, ఆ తల్లి మాత్రం ఇంకేమనుకుంటుంది?

వీరభద్ర పరుగున అరుగు దగ్గరికి పోయాడు. మూడు దిమ్మెలూ పసుపు పూసుకుని, మల్లెదండలు వేసుకుని కూర్చుని ఉన్నాయి. వీధిలో అందరికంటే పెద్దవాడైన నేతగాడు బొజ్జన్న వాటి ముందు టెంకాయ కొడుతున్నాడు.

"ఏ దేవుళ్ళప్పా వీళ్ళు? పేర్లు నువ్వొచ్చినాక అడుగుదామని పెట్టకుండా ఆగినాం," అన్నాడు.

వీరభద్ర గబుక్కున మొదటి దిమ్మెను రెండు చేతులా పట్టి లాగాడు. అది కదల్లేదు. రెండోదీ అంతే.

"కదలకుండా ఉండాలని నీ పొడే కలిపి అరుగుకు అతికించినా," అంది వెనకనుంచి భార్య శివలీల గర్వంగా. "నీళ్ళెన్ని పొయ్యాలో నాకు తెలీదా? మూడేండ్లు నీ ఎనకాలే తట్టలు మోసినా గదా."

అంతలో జీపొచ్చి ఆగింది. "మేస్త్రీ, నేనూ కడపకే పోతాండా. దిమ్మెలు జీపులో ఏసుకో," అంటూ దిగిన నెహెమ్యా, దండలు చూసి అరుగు ముందే ఆగిపోయాడు.

ఇక దాచి లాభం లేదు. వీరభద్ర తల వంచుకుని చెప్పేశాడు. "ఇవి దేవుళ్ళు గాదు. పాలిష్ మిల్లు బురద, బొగ్గు బూడిద. మీరంతా నవ్విరే, అదే ఇది."

ఎవరూ నవ్వలేదు. మల్లక్క మాత్రం అనుమానంగా అడిగింది. "కడపకు తీసుకపోయి ఏం చేస్తావు?"

"మిషను కింద పెట్టి, పగిలేదాకా నొక్కుతారు."

అంతే. ఆడవాళ్ళు కొంగులు బిగించి అరుగు చుట్టూ బైఠాయించారు. పూజ చేసిన చేతులతో పగలగొట్టనిస్తామా అని ఒకామె, మూడు దినాలకే దేవుణ్ణి పంపించేస్తే ఊరికి మంచిదా అని ఇంకొకామె. వీరభద్రకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి బొజ్జన్నే కర్ర ఊతగా లేచాడు.

"మగ్గం గుంటలో నీళ్ళు తోడితోడి నా నడుము పడిపోయినాది. నిజంగా దేవుడే అయితే మన బాధ చూసి ఏమీ అనుకోడు. జరగండమ్మా."

నెహెమ్యా చెప్పులు విప్పాడు. "నేను చర్చికి పోయేవాణ్ణి పెద్దాయనా. అయినా మొక్కిన చోట చెప్పులెందుకు," అని గడ్డపార అందుకున్నాడు.

మొదటి పోటుకు ఖంగుమంది గానీ ఏమీ కదల్లేదు. వీరభద్ర కూడా చెయ్యేశాడు. నాలుగో పోటుకు ఫెళ్ళుమని దిమ్మె ఊడివచ్చింది, కింద జానెడు అరుగు ముక్కను కరుచుకుని మరీ. రెండోదీ అలాగే ఊడింది. దిమ్మెలకు అరుగు అంటుకుపోతే ల్యాబువాళ్ళు తీసుకోరు. పరీక్ష పోయినట్టే, ట్యాంకూ పోయినట్టే.

నెహెమ్యా మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, అతుకు మీద గోరు పెట్టి గీకి చూస్తున్నాడు. "ఈ అరుగు ఎప్పుడు కట్టింది?"

"ట్యాంకుతో పాటే, అదే సిమెంటుతో సార్."

"పాత సిమెంటు ఇరిగినాది గానీ అతుకు ఇడవలే మేస్త్రీ! మరమ్మతు పొడికి కావాల్సింది ఇదే గదప్పా, పాతదాన్ని పట్టుకోని ఉండటం. కూలగొట్టే కాగితం నేను ఆపిస్తా. ముందు ట్యాంకు ఒక పక్క పూసి చూపించు. ఫైలు కోసం మళ్ళీ మూడు దిమ్మెలు పొయ్యి."

వీరభద్రకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శివలీల వైపు తిరిగి, "నువ్వు కలిపిన కలుపే పాసయినాది," అన్నాడు. నవ్విన వీధిలోనే, నలుగురి ముందు, పెద్దగా అన్నాడు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మూడో దిమ్మె జోలికి ఎవరూ పోలేదు.

కొత్త దిమ్మెలు పోసిన రోజు వీరభద్ర వీధిలో వాళ్ళందరినీ పిలిచి, ఇవి దేవుళ్ళు కావని రెండుసార్లు చెప్పి, డ్రమ్ముకు మూత పెట్టి తాళం వేశాడు. మర్నాడు పొద్దున చూస్తే తాళానికి కుంకుమబొట్టు పెట్టి ఉంది.