మొప్ప ఎత్తి చూడని షేరు

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా భీమరాజు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింబావుకి మార్కెట్ తెరవగానే కణజ్యోతి సెమీకండక్టర్స్ షేర్లన్నీ అమ్మేయడం, సాయంత్రం భార్యను రాజమండ్రి తీసుకెళ్లి ఫ్రీజరు కొనిపెట్టడం.

ఆ షేర్ల డబ్బు ఆయన భార్య పెద్దింట్లమ్మ మూడేళ్లు చేపలమ్మి ఫ్రీజరు కోసం కూడబెట్టింది. బ్యాంకులో వేశానని చెప్పి ఆయన దాన్ని మూడు వారాల కిందట ఈ చిప్‌ల కంపెనీలో పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ షేరు దిగుతూనే ఉంది. పైగా ఆఫీసులో పక్క సీటు అశోక్ ముందురోజే అడ్డుపుల్ల వేశాడు.

"లాభాలతో పోలిస్తే సగం ధరకే దొరుకుతోందండి. ఇప్పుడు అమ్మేవాడు అమాయకుడండి. ఇంకొన్ని కొనాలండి."

మార్కెట్ తెరుచుకుంది. అమ్మాలా, ఉంచాలా? భీమరాజు బొటనవేలు ఫోన్ మీదే ఆగిపోయింది. ఎదురుగా ఇడ్లీ చల్లారిపోతోంది.

"ఏవండీ, ఏంటలా ఉన్నారు?" అంది పెద్దింట్లమ్మ.

నిజం చెప్పే ధైర్యం చాలక, "కడుపునొప్పి" అన్నాడు.

అక్కడితో పోయేదే. కానీ మన వైపు ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వెళ్లకపోవడం మహాపరాధం. పది నిమిషాల్లో ఎదురింటి టీచరు దేవకుమారి గారు చెంబెడు మజ్జిగతో వచ్చి, తాగించి, ప్రార్థన మొదలుపెట్టారు. భీమరాజు కళ్లు మూసుకోక తప్పలేదు. తెరిచి ఫోన్ చూసేసరికి షేరు మరో ఆరు రూపాయలు దిగింది. "అయ్యో!" అని మూలిగాడు.

"నొప్పి ముదిరిందండి" అన్నారు టీచరు గారు.

పక్కింటి బుల్లియ్య వాము కషాయం తెచ్చాడు. వెనకింటి తలుపులమ్మ కొబ్బరిబోండాలు కొట్టించుకొచ్చింది. ఒకరిది తాగి ఇంకొకరిది తాగకపోతే మర్యాద కాదని ఆయన అన్నీ తాగాడు. పదింటికల్లా నిజంగానే కడుపునొప్పి వచ్చింది.

ఆటోలో ఎక్కిస్తుంటే ఆయన "ఫోను... నా ఫోను..." అని చెయ్యి చాపాడు. బంధువులకి చివరి మాటలు చెప్పుకోడానికేమోనని తలుపులమ్మ భోరుమంది. ఫోన్ పెద్దింట్లమ్మ చేతికి చేరింది.

ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. ఇంతలో అశోక్ యాపిల్ పళ్లతో వచ్చాడు.

"అశోక్ బాబూ, ఈ ఫోను ఆగకుండా మోగుతోంది. చూస్తే షేరు, షేరు అని వస్తోంది. ఏంటిది?" అంది పెద్దింట్లమ్మ.

ఆవిడకి అంతా తెలుసనుకుని అతను ఉన్నదంతా చెప్పేశాడు. పెద్దింట్లమ్మకి ఒళ్లు మండిపోయింది. మంచం మీదున్న మనిషిని తిట్టకూడదని ఊరుకుని, బేరంలోకి దిగింది.

"ఎందుకు దిగుతోంది?"

"జనం భయపడుతున్నారండి, అంతే."

"పక్క బుట్టలు కూడా దిగాయా?"

"లేదండి. మిగతా చిప్ కంపెనీలు పెరిగాయండి."

"వీళ్ల సరుకెవరు కొంటారు?"

"ఒక కార్ల కంపెనీయేనండి. పోయిన నెలలో వాళ్లు వేరేచోటికి మారారండి. అయినా లాభాలు చూడండి అక్కగారూ!"

"ఎప్పటివి?"

"పోయినేడాదివండి."

"నిన్నటి చేపన్నమాట. మధ్యాహ్నం ధర తగ్గిందంటే పడవలు ఎక్కువొచ్చాయో, చేపే పాడైందో చూసుకోవాలి బాబూ. మొప్ప ఎత్తి చూడకుండా ఎవరైనా కొంటారా?"

అమ్మే మీట ఎక్కడుందో అతన్నడిగి, నిద్రపోతున్న మొగుడి బొటనవేలు చీరచెంగుతో తుడిచి ఫోన్‌కి అద్దింది. వచ్చిన డబ్బు పెద్ద ఫ్రీజరుకి చాలదు గానీ చిన్నదానికి సరిపోతుంది. మార్కెట్ మూసేసరికి షేరు ఇంకా అడుక్కి పోయింది.

సాయంత్రం భీమరాజుకి మెలకువ వచ్చింది. "షేర్లు..." అంటూనే నాలిక్కరుచుకున్నాడు.

"అమ్మేశాను. పడుకోండి" అంది పెద్దింట్లమ్మ.

ఆయన భార్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మూడు వారాల భారం దిగిపోయింది, దాంతోపాటు నొప్పీ పోయింది. అది తన ఇంజెక్షన్ గొప్పేనని డాక్టరు గారు బిల్లులో కూడా చూపించారు.

కాస్త తేరుకున్నాక భీమరాజుకి జాలి కూడా కలిగింది. "ఆ షేర్లు ఎవడు కొన్నాడో, పాపం!"

యాపిల్ కోస్తున్న అశోక్ తలెత్తలేదు.

మర్నాడు ఉదయం అతను కడుపునొప్పని సెలవు పెట్టాడు. దేవకుమారి గారు చెంబెడు మజ్జిగతో బయల్దేరారు.