నూకరత్నం గొట్టానికి నయమైంది

స్త్రీల వార్డులో పదకొండో నంబరు మంచం మీద నూకరత్నం నెలసరి రక్తం ఉన్న గాజు గొట్టాన్ని పడుకోబెట్టి, నూకరత్నాన్ని పక్కనున్న బల్ల మీద కూర్చోమన్నారు. రికార్డు ప్రకారం జబ్బు గొట్టానిది. మంచం దానికే రావాలి.

ఆడవాళ్ల రక్తంలోని ప్రొటీన్లు మాట్లాడతాయని ఆ ఆసుపత్రి వాళ్లు రెండేళ్ల కిందటే గమనించారు. అప్పటినుంచి పని తేలికైంది. గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి అడిగితే అదే చెబుతుంది. అంతకుముందు ఆడవాళ్లనే అడగాల్సి వచ్చేది.

నూకరత్నానికి పదకొండేళ్లుగా నెలకు నాలుగు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. వార్డులో చేర్చకముందు ల్యాబులో ఆ సంగతి మొదలుపెట్టబోతే హేమసుందరి అనే టెక్నీషియను చెయ్యెత్తి ఆపింది.

"మీరు చెప్పకండమ్మా. గొట్టం మీ మాట విని అదే చెప్పిందంటారు."

ఫారంలో 'లక్షణాలు ఎవరు చెప్పారు' అనే గడిలో భర్త, అత్త, తల్లి, ప్రొటీన్ అని అచ్చువేసి ఉంది. భర్త పనికి పోయాడు. అత్త అప్పలనరసమ్మ ముందుకు జరిగింది.

"నొప్పీ నేదు, గిప్పీ నేదమ్మా. నడుం వంచడం ఇష్టం నేదు దీనికి. అందరికీ రాదేటి? నాను నలుగుర్ని కన్నాను. ఎవులికైనా సెప్పేనా?"

గొట్టం గొంతు సవరించుకుంది. "నొప్పి ఉంది," అంది. "గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట కూడా పెరుగుతోంది. పదకొండేళ్లయింది."

అక్కడే కూర్చున్న లేడీ డాక్టరు కుర్చీలోంచి లేచింది. "అన్నేళ్లు ఎలా ఓర్చుకున్నారండీ?" అని గొట్టాన్ని అడిగింది.

"అలవాటైపోయింది," అంది గొట్టం.

నూకరత్నానికి కళ్లు చెమర్చాయి. ఎవరైతేనేం, ఒకరు చెప్పారు.

ఆ రక్తం కనబడే రోజుల్లో కోడలికి వేరే పళ్లెం పెట్టి, అరుగు మీద గోనెపట్టా చూపించే అప్పలనరసమ్మ, మర్నాడు వార్డుకి కొబ్బరి బొండం పట్టుకొచ్చింది. "తాగండి తల్లీ, ఎంత నీరసించిపోనారో," అని గొట్టం పక్కన పెట్టింది.

మందు చుక్కలు చుక్కలుగా గొట్టంలో వేసేవారు. నూకరత్నం రోజూ బస్సులో వచ్చి దానికి విసనకర్రతో విసిరేది. ఒకనాడు నర్సుని, "ఆ మందు నాకూ కాస్త ఇస్తారా అమ్మా?" అని అడిగింది.

నర్సు విసుక్కోలేదు. రిజిస్టరు తీసి చూసింది. "మీ పేరున జబ్బేమీ లేదమ్మా. తోడు వచ్చినవాళ్లు అని ఉంది."

ఇరవయ్యారో రోజున గొట్టం తనకు నయమైందని చెప్పింది. డాక్టరు సంతోషించి కాగితం రాసిచ్చింది.

ఇంట్లో అప్పలనరసమ్మ పట్టెమంచం దులిపి, కొత్త దుప్పటి పరిచి గొట్టాన్ని పడుకోబెట్టింది. ఆ మధ్యాహ్నమే నూకరత్నానికి నెలసరి వచ్చింది. నొప్పి కూడా వచ్చింది, ఎప్పటిలాగే.

"అత్తా, కడుపులో నొప్పి."

"నయమైపోనాది కదే. కాయితం మీద రాసిచ్చినారు." అప్పలనరసమ్మ గొంతులో కోపం లేదు. "గట్టిగా మూలగకు. లోపల ఆవిడ పడుకున్నారు."

ఆ నాలుగు రోజులూ లోపలికి రాకూడదు కాబట్టి నూకరత్నం అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. కాసేపటికి కిటికీలోంచి చూసింది. ఎండ తిన్నగా మంచం మీద పడుతోంది. నెమ్మదిగా లేచి, ఒక చేత్తో కడుపు పట్టుకుని, చప్పుడు కాకుండా కిటికీ రెక్క దగ్గరగా వేసింది.