మా చెల్లి లేని మా చెల్లి గ్రూపు

చలికాలానికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టే రోజు. ముల్లంగి తరగడానికి మా చెల్లి ఉన్‌సిల్ చేతికి కత్తి ఇవ్వాలా వద్దా అని ఏడింటికి మొదలైన వాదన ఎనిమిదైనా తేలలేదు.

"దాన్ని కూర్చోనివ్వండి" అంటుంది అమ్మ.

"డాక్టరు పని చెప్పమన్నాడుగా అత్తయ్యా!" అంటారు మా ఆయన, కత్తిని మాత్రం వీపు వెనక దాచుకుని.

నన్నడిగితే, ఫ్యామిలీ గ్రూపును మించిన మందు ఈ లోకంలో లేదు!

లేని గొంతులేవో వినబడి, నాలుగు నెలలు మానసిక ఆసుపత్రిలో ఉండి, వేసవిలో ఇంటికొచ్చింది చెల్లి. ఆ సాయంత్రమే ఫోన్లలో 'ఉన్‌సిల్ ఆరోగ్యం' గ్రూపు పెట్టాం. బుసాన్‌లో ఉండే పిన్నితో కలిపి పదకొండు మందిమి. చెల్లి ఒక్కతే లేదు. తనుంటే మనసు విప్పి మాట్లాడుకోగలమా?

"8.10: నవ్వింది."

"ఎందుకు?"

"టీవీ చూసి."

"ఏ చానెల్?"

ఇంత శ్రద్ధ ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది? ఓ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుందని పిన్ని రైలెక్కి వచ్చేసింది! మాత్ర వేసుకున్నావా అని రోజుకు పదకొండుసార్లు అడుగుతాం. నా తలనొప్పి తగ్గిందా అని పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఒక్కరైనా అడిగారా?

సోయా పనీరు అమ్మే టోఫు అంగడిలో పనికి మనిషి కావాలట అని చెల్లి మూడుసార్లు అంది. నలభై ఎనిమిది మెసేజీల్లో చర్చించి, "ఇప్పుడే వద్దు" అని తేల్చాం. తనకు చెప్పడమే మరిచాం.

చివరికి ముల్లంగి మా ఆయనే తరిగారు. అందరికీ రబ్బరు తొడుగులు, మోచేతుల దాకా కారం. ఫొటో పెట్టమని గ్రూపులో పిన్ని గోల. ఫోను ముట్టుకునేదెవరు? శుభ్రమైన చేతులు ఇంట్లో ఒక్కరివే. పని చెయ్యనివ్వలేదుగా!

"నా ఫోన్లోంచి పిన్నికి ఫొటో పంపవే" అంది అమ్మ.

చెల్లి పంపింది. తర్వాత గ్రూపును పైకి జరుపుకుంటూ చాలాసేపు చదివింది. మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను క్యాబేజీలోంచి తలెత్తలేదు.

తను ఏదో టైపు చేసింది. మా ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. తీసే చేతులు లేవు కదా! నెమ్మదిగా తనే చదివి వినిపించింది.

"9.40: నేను ఉన్‌సిల్‌ని. సోమవారం నుంచి టోఫు అంగడిలో పనికి వెళ్తున్నాను. మాట ఇచ్చేశాను. మాత్ర నేనే వేసుకుంటాను. తేడాగా అనిపిస్తే ముందు అక్కకు చెప్తాను. ఇంకోటి, కారంలో ఉప్పెక్కువైంది. ఇంకో రెండు ముల్లంగులు పడాలి."

అమ్మ కాస్త నాలిక మీద వేసుకుని తలూపింది.

మా ఆయన కత్తి కడిగి, పిడి చెల్లి వైపు తిప్పి ఇచ్చారు.