క్యాలెండరమ్మ వేసిన షెడ్యూలు

లిఫ్టుల సర్వీసు కంపెనీలో ఏడేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను అందరూ క్యాలెండరమ్మ అనే పిలిచేవారు. ఏ మెకానిక్కు ఏ రోజు ఏ భవనానికి వెళ్ళాలో, ఏ లిఫ్టుకు ఎప్పుడు నూనె వేయాలో, ఏ తాడు ఎప్పుడు మార్చాలో చెప్పేది ఆమే. ఊళ్ళో రెండు వందల నలభై లిఫ్టులు ఆమె వేసిన తేదీల ప్రకారం పైకీ కిందికీ తిరిగేవి. తన సంగతికొచ్చేసరికి మాత్రం నాలుగేళ్ళుగా ఒక్క దరఖాస్తు పంపలేకపోయింది. బిజినెస్ స్కూల్లో చేరాలని ఆమె కోరిక. మొదటి ఏడు గడువు తేదీ చూసుకోలేదు. రెండో ఏడు చూసుకుంది గానీ, సిఫారసు ఉత్తరాలు కావాలని ఆఖరి రోజున తెలిసింది. మూడో ఏడు జ్వరం. నాలుగో ఏడు అన్నీ సిద్ధం చేసుకుని, వ్యాసంలో మొదటి వాక్యం నచ్చక నలభై రోజులు దాని దగ్గరే ఆగిపోయింది.

ఈసారి అలా జరగకూడదని జూలైలో ఒక సోమవారం పొద్దున ఆరింటికే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. గడువు నవంబరు ముప్పై. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ, ఏ రోజు ఏం చేయాలో ఫోనులో ఉన్న క్యాలెండర్లోకి ఎక్కించసాగింది. మెకానిక్కులకు రాసి రాసి అలవాటైన చేయి కాబట్టి తనకు తాను కూడా ఆజ్ఞలే రాసుకుంది.

"బుధవారం పది గంటలకు నమూనా పరీక్ష. రెండు గంటలు. కాలిక్యులేటరు వాడరాదు."

"శుక్రవారం వ్యాసం. నా జీవితంలో అతి పెద్ద వైఫల్యం. ఐదు వందల మాటలు. నిజం రాయాలి."

"వచ్చే సోమవారం రెండు సిఫారసు ఉత్తరాలు అడగాలి. ఒకటి బయటివాళ్ళ నుంచి, ఒకటి మేనేజరు నుంచి."

"నవంబరు ముప్పై. దరఖాస్తు."

"డిసెంబరు. ఇంటర్వ్యూ. గోళ్ళు కత్తిరించుకోవాలి."

"జనవరి. ఫలితం. వస్తే రాజీనామా. రాకపోతే నోరు మూసుకుని పని చేసుకోవాలి."

ఆమె భర్త టైలరు. టీ గ్లాసు పట్టుకుని వెనక నుంచి తొంగిచూశాడు.

"కొలతలు బాగానే తీసుకున్నావు," అన్నాడు. "కత్తెర ఎప్పుడు పడుతుంది?"

"చూస్తూ ఉండండి," అని ఆమె సేవ్ బటన్ నొక్కింది.

ఆ ఫోనులో రెండు క్యాలెండర్లున్నాయి. ఒకటి ఆమె సొంతం, రెండోది కంపెనీ సర్వీసుది. ఆమె చూసేటప్పుడు రెండూ ఒకే తెర మీద కలిసే కనిపించేవి. కొత్తగా ఏది ఎక్కించినా ఏ క్యాలెండర్లోకి పోవాలో మనం చెప్పాలి. చెప్పకపోతే ఫోను తనకు అలవాటైన దాంట్లోకి పంపేస్తుంది. ఏడేళ్ళ అలవాటు ఏదో వేరే చెప్పనక్కర్లేదు. ఆరు గంటల నలభై నిమిషాలకు పదకొండు మంది మెకానిక్కుల ఫోన్లూ, మేనేజరు ఫోనూ ఒకేసారి కుయ్యిమన్నాయి.

ఆమె తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళేసరికి మెకానిక్కులు ఒక మూల గుంపుగా నిలబడి ఉన్నారు. రోజూ వినిపించే వేళాకోళం లేదు. ఒకడు గోడకు కాగితం ఆనించి భాగహారం చేస్తున్నాడు. వాళ్ళలో పెద్దవాడు, అందరూ బాబాయి అని పిలిచే సీనియర్ మెకానిక్కు, మెల్లగా ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, కాలిక్యులేటరు వద్దంటే వద్దనుకో. వేళ్ళు వాడొచ్చా?"

ఏదో తాడు బరువు లెక్క కాబోలు అనుకుంది ఆమె. "వాడుకోండి బాబాయ్. ఎవరొద్దంటారు?"

బాబాయి వెనక్కి తిరిగి పది వేళ్ళూ పైకెత్తి చూపించాడు. గుంపులో కాస్త ఊపిరి వచ్చింది. ఇంతలో స్పానర్ అనే ముద్దుపేరున్న కుర్ర మెకానిక్కు వచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆమె అప్పుడు ఫోనులో ఒక ఫిర్యాదు రాసుకుంటోంది.

"మేడమ్, నిజమే రాయాలా?"

రోజువారీ పని రిపోర్టు గురించి అడుగుతున్నాడనుకుని ఆమె తలెత్తకుండానే చెప్పింది. "నిజమే రాయాలి. అబద్ధం రాస్తే ఆర్నెల్లకైనా దొరికిపోతాం."

స్పానర్ మొహం పాలిపోయింది. గుంపులోకి వెళ్ళి ఆ మాట యథాతథంగా అప్పజెప్పాడు.

మధ్యాహ్నానికల్లా వాళ్ళకు విషయం పూర్తిగా అర్థమైపోయింది. కంపెనీ మనుషుల్ని తగ్గించబోతోంది. ముందు పరీక్ష, తర్వాత తప్పులు ఒప్పుకోవడం, తర్వాత మన మంచితనానికి సాక్ష్యాలు, నవంబరులో ఎవరి ఉద్యోగానికి వాళ్ళే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడం. ఇక డిసెంబరులో గోళ్ళు కూడా చూస్తారు.

మేనేజరుకు వేరే బాధ. హెడ్డాఫీసు నుంచి ఏ మార్పు వచ్చినా క్యాలెండరమ్మ ద్వారానే క్యాలెండరులో ఎక్కుతుంది. ఇది కూడా అక్కణ్ణుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. అయితే తనకు ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. తెలియదంటే చిన్నతనం. అందుకని అన్నీ తెలిసినవాడిలా తలాడించి, బుధవారానికి మీటింగు గది సిద్ధం చేయించాడు.

బుధవారం ఆమె ఒంట్లో బాగాలేదని పూట సెలవు పెట్టి, లైబ్రరీలో ఫోను ఆపేసి కూర్చుని, నమూనా పరీక్ష రాసుకుంది. అదే సమయంలో మీటింగు గదిలో పదకొండు మంది మెకానిక్కులు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. ప్రశ్నపత్రం ఎక్కణ్ణుంచీ రాలేదు. పది దాటి ఐదు నిమిషాలయ్యాక మేనేజరు ఇది కూడా తన బాధ్యతే కాబోలనుకుని, బోర్డు మీద తనకు తోచిన ఆరు లెక్కలు రాశాడు.

పదింపావుకి దగ్గర్లోని ఒక భవనంలో పళ్ళ డాక్టరు ఒకాయన మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కున్నాడు. కింద మందుల షాపుకి వెళ్ళి వస్తున్నాడట. పైన కుర్చీలో రోగి నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. క్యాలెండరమ్మ ఫోను పలకలేదు. ఆఫీసు రిసెప్షనిస్టు ఆ కబురుతో పరుగెత్తుకుంటూ మీటింగు గదికొచ్చింది.

"సార్, ఎవర్నైనా పంపండి. ఆయన లోపల్నుంచి తలుపు బాదుతున్నాడు."

మేనేజరు గది కలియజూశాడు. పదకొండు తలలు కాగితాల మీద వంగి ఉన్నాయి. మధ్యలో లేచినవాడి ఉద్యోగం ఏమవుతుందో ఆయనకే తెలియదు. "వీళ్ళను కదపకూడదు," అని మెడలో టైతోనే బయల్దేరాడు. లిఫ్టును చేత్తో తాకి ఆయనకు పన్నెండేళ్ళయింది. అయినా మెట్లెక్కి మేడ మీద యంత్రాల గదికి వెళ్ళి, కరెంటు ఆపి, చేతి చక్రం తిప్పి, లిఫ్టును జానెడు జానెడు పైకి తెచ్చి డాక్టరును బయటికి లాగాడు. డాక్టరు ఆయన్ను కౌగిలించుకుని, వెంటనే రోగి గుర్తొచ్చి పరుగెత్తాడు. మేనేజరు చేతుల నిండా మసితో తిరిగొచ్చాడు. చాలా కాలానికి ఆయన మొహంలో ఒక వెలుగు కనబడిందని రిసెప్షనిస్టు తర్వాత చెప్పింది.

మధ్యాహ్నం క్యాలెండరమ్మ ఆఫీసుకొచ్చింది. గుమ్మంలో బాబాయి ఎదురయ్యాడు.

"మూడో లెక్క తిప్పలు పెట్టింది కదమ్మా," అన్నాడు దిగులుగా.

ఆమెను కూడా మూడో లెక్కే ముప్పుతిప్పలు పెట్టింది. తన దొంగసెలవు ఆయనకెలా తెలిసిందో అంతుబట్టక, పెద్దవాళ్ళు మొహం చూసే కనిపెట్టేస్తారు కాబోలనుకుని, "ఎవరితో అనకండి బాబాయ్," అంది. బాబాయి ఆ మాట మిగతా పదిమందితో చెప్పి, లెక్కలు కూడా రహస్యమేనని తేల్చాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె తన వ్యాసంలో మొదటి వాక్యం ఏడుసార్లు కొట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక మేనేజరు బల్ల మీద పదకొండు వ్యాసాలు చేరాయి. ఆయన తలుపు వేసుకుని చదవడం మొదలుపెట్టాడు.

ఒకడు బ్యాంకు భవనం లిఫ్టులో అద్దం తలకిందులుగా బిగించాడట. మూడేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదట. ఒకడు ఐదో అంతస్తు బటన్నూ ఆరో అంతస్తు బటన్నూ తారుమారు చేశాడట; ఆ భవనంలో వాళ్ళు దానికే అలవాటుపడిపోయారట, ఇప్పుడు సరిచేస్తే గొడవట. స్పానర్ రాసింది నాలుగే వాక్యాలు. "నాకు లిఫ్టంటే భయం. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎక్కలేదు. మెట్లెక్కి వెళ్ళి బాగుచేసి, మెట్లు దిగి వస్తాను. మీరు ఐదు వందల మాటలు అడిగారు గానీ, నా దగ్గర ఇంతే ఉంది."

బాబాయి వ్యాసంలో లిఫ్టుల ప్రసక్తే లేదు. "పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఒక ఉత్తరం కూడబలుక్కుంటూ చదువుతుంటే నవ్వాను. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆ తర్వాత ఏ కాగితమూ నా ముందు చదవలేదు. నిజం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇంటికెళ్ళి ఇది ఆవిడకే ఇచ్చి చదవమందామనుకుంటున్నాను."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున క్యాలెండరమ్మ ధైర్యం కూడగట్టుకుని సిఫారసు ఉత్తరం అడగడానికి మేనేజరు గదికి బయల్దేరింది. గది ముందు పదకొండు మంది వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడి చేతిలో ఒక్కో కవరు ఉంది. ఆమె వెళ్ళి వాళ్ళ వెనక పన్నెండోదానిగా నిలబడింది.

"ఏం లైను బాబాయ్ ఇది?"

"సిఫారసు ఉత్తరాల కోసం. బయటివాళ్ళవి తెచ్చేసుకున్నాం. ఇక సారు ఇవ్వాల్సినవే మిగిలాయి."

"మీకెందుకు సిఫారసు ఉత్తరాలు?"

బాబాయి ఆమెను వింతగా చూశాడు. "అదేమిటమ్మా, నువ్వు రాసిందేగా?" అని జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "అన్నీ చేస్తున్నాం. కాకపోతే ఆ జనవరి మాట దగ్గర మాత్రం మావాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు. నోరు మూసుకుని పని చేసుకోవాలని రాశావు చూడు, అది నోటితో చెప్పినా వినేవాళ్ళం."

ఆమె ఆ తెర వంక చూసింది. అక్కడున్నవి తన మాటలే, తన గోళ్ళే. కాళ్ళ కింద నేల ఒక అంతస్తు దిగినట్టయింది. వారం రోజులుగా విన్న ప్రతి మాటా వరసగా వెనక్కి వచ్చి అసలు అర్థం చెప్పి వెళ్ళింది. లైను దాటుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసి, ఉన్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

మేనేజరు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

"అంటే హెడ్డాఫీసుకు సంబంధం లేదు."

"లేదు సార్."

"శుక్రవారం రాత్రి వాళ్ళకు రిపోర్టు పంపాను. కార్యక్రమం బ్రహ్మాండంగా నడుస్తోందని రాశాను. చాలా సంతోషమని జవాబిచ్చారు."

"వాళ్ళకూ తెలియదు కదా సార్. సంతోషమెందుకు?"

"తెలియదంటే చిన్నతనం కదమ్మా," అన్నాడు మేనేజరు. ఆ బాధేమిటో ఆయనకు బాగా తెలుసు. తర్వాత పదకొండు వ్యాసాలనూ ఆమె వైపు తోశాడు. "క్యాలెండర్లోంచి అవన్నీ తీసెయ్. వీళ్ళకు నేను చెప్పుకుంటాను. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు. కానీ ఈ అద్దాలూ బటన్లూ అన్నీ సరిచెయ్యాలి. దానికో షెడ్యూలు వెయ్యి. నీ సిఫారసు ఉత్తరం రేపిస్తాను."

ఆమె ఆ సాయంత్రమే అన్నీ చెరిపేసింది. మర్నాడు ఉత్తరం చేతికొచ్చింది. అందులో ఆయన ఆమెను ఆకాశానికెత్తేశాడు.

ఆ తర్వాతి నెలల్లో కంపెనీకి పేరొచ్చింది. తప్పు ముందే ఒప్పుకుని వచ్చి సరిచేసే లిఫ్టువాళ్ళను ఊరు అంతకుముందు చూడలేదు. స్పానర్‌ను బాబాయి వారానికి ఒక్కో అంతస్తు చొప్పున లిఫ్టెక్కించి, అక్టోబరుకల్లా తొమ్మిదో అంతస్తుకు చేర్చాడు. క్యాలెండరమ్మ ఆ పనులకు షెడ్యూలు వేస్తూనే తన దరఖాస్తుకు మరో కాలపట్టిక వేసుకుంది. పాతది అచ్చిరాలేదని రంగులతో వేసింది. సెప్టెంబరులో దాన్ని సవరించింది. అక్టోబరులో వారాల వారీగా ఉన్నదాన్ని రోజుల వారీగా మార్చింది. నవంబరు ఇరవై తొమ్మిదిన చూసుకుంటే పట్టిక అద్దంలా ఉంది. వ్యాసం మొదటి వాక్యం మాత్రం ఇంకా నచ్చలేదు.

"వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు భర్త, ఆమె మొహం చూసి.

జనవరిలో ఒకరోజు మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన బల్ల సొరుగులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"నేను వెళ్ళిపోతున్నానమ్మా. బిజినెస్ స్కూల్లో సీటొచ్చింది. ఈ కుర్చీ నీకివ్వమని హెడ్డాఫీసుకు రాశాను, సరేనన్నారు."

"మీకా సార్? ఏ స్కూలు?"

ఆమె నాలుగేళ్ళుగా, ఇప్పుడు ఐదేళ్ళుగా, కలలు కంటున్న స్కూలే. ఆయన సిఫారసు ఉత్తరాల్లో ఒకటి పళ్ళ డాక్టరు రాశాడు. లిఫ్టులో ఇరుక్కున్న నలభై నిమిషాల గురించీ, చక్రం తిప్పిన మనిషి గురించీ రెండు పేజీలు రాశాడట. మేనేజరు సంచిలోంచి తన డైరీ తీసి తెరిచి చూపించాడు. క్యాలెండర్లోంచి ఆమె చెరిపేయకముందే దింపుకున్న ఆ పనులన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా ఆయన చేతిరాతలో ఉన్నాయి. ఒక్కో దాని పక్కన ఒక్కో టిక్కు ఉంది.

"ఇదంతా ఎలా చేశారు సార్?" అంది ఆమె. "ఇన్ని పనుల మధ్య?"

"ఏముందమ్మా. ఏ రోజు ఏం చెయ్యాలో నువ్వే రాశావు. ఆ రోజు అది చేశాను."

ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఆమెకు తట్టనే లేదు.