సెలవు సీను, పదిహేడో టేకు

ప్రతి ఆఫీసూ తన మీద తానే ఒక కామెడీ ఎపిసోడ్ తీసుకోవాలి. తీసుకోని ఆఫీసుకు కరెంటు పీకేయాలి. నేను సరదాకి అనడం లేదు, చాలా సీరియస్‌గానే అంటున్నాను.

మీలో కొందరు మొహం చిట్లిస్తున్నారని తెలుసు. పని మానేసి ఈ వేషాలేమిటి, జీతాలిచ్చేది నాటకాలాడటానికా అంటారు. షూటింగ్ పేరుతో మూడు రోజులుగా మీటింగ్ రూమ్ నిండా లైట్లేననీ, క్యాంటీన్‌లో దోసె తింటుంటే కెమెరా నోటి దగ్గరికొస్తోందనీ గొణుగుతున్నారు. అయ్యా, అమ్మా! కాస్త ఓపిక పట్టి భార్గవి సంగతి వినండి. విన్నాక కూడా మీ కోపం తగ్గకపోతే నన్ను మాదాపూర్ సిగ్నల్ దగ్గర నిలబెట్టి తిట్టండి. సిగ్నల్ పడేసరికి ఎలాగూ అరగంట పడుతుంది.

భార్గవి హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. సొంతూరు తాడిపత్రి. ఆమెకు రెండు రోజులు సెలవు కావాలి, నిశ్చితార్థానికి. చుట్టాలదో స్నేహితురాలిదో కాదండీ, ఆమెదే!

మొదటిసారి ముహూర్తం పెట్టుకుంటే సరిగ్గా ఆ రోజే కొత్త ప్రోగ్రాము రిలీజ్ వచ్చిపడింది. రెండోసారి పెట్టుకుంటే, మొదటి రిలీజ్‌లో దొర్లిన తప్పులు దిద్దే రిలీజ్ వచ్చింది. రెండుసార్లూ వాయిదా వేసుకున్నారు. ఈ శుక్రవారం దాటితే మూఢం. పురోహితుడు వెంకటరామయ్య గారు, ఇక మూడు నెలల దాకా నన్ను అడగొద్దని పంచాంగం మూసేశారు.

పెళ్ళికొడుకు గిరీష్ తల్లి అనసూయమ్మ గారు ఫోన్ చేశారు. కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పారు. "సూడమ్మా, రెండు తూర్లు సుట్టాలందరికీ రమ్మని చెప్పి, మళ్లా రావద్దని చెప్పినాం. ఈ తూరి గూడా నీకు లీవు దొరకలేదంటే మేం వేరే సంబంధం సూసుకుంటాం. నిన్ను అనేదేం లేదు, మా వోనికీ వయసైతాంది."

గిరీష్ భార్గవికి నచ్చాడు. కోకాపేటలో ఇంకో కంపెనీలో పనిచేస్తాడు, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఆ నవ్వును ఇంకెవరో కట్టుకుపోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

ఇక మేనేజర్ రాకేశ్. పాపం, చెడ్డవాడు కాడు. ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికి కొబ్బరిబొండాం పంపిస్తాడు, దాని వెంటే కొత్త పనీ పంపిస్తాడు. సెలవడిగితే పదేళ్ళలో ఒక్కరికీ లేదనలేదు. "చూద్దాం" అంటాడు. భార్గవి అర్జీని పందొమ్మిది రోజులుగా చూస్తూనే ఉన్నాడు.

"రాకేశ్, శుక్రవారం నా ఎంగేజ్‌మెంట్," అని ఆమె మళ్ళీ గుర్తు చేసింది.

"కంగ్రాట్స్ భార్గవీ. చూద్దాం. మీ ఊర్ల నెట్ మంచిగనే వస్తది గదా?"

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి మనిషిని ఏ యూనియన్ కదిలించగలదు? ఏ చట్టం మెత్తబరచగలదు? అదిగో, అప్పుడు వచ్చింది కామెడీ ఎపిసోడ్!

హెచ్ఆర్ కృష్ణప్రియకు టీవీలో వచ్చే ఆఫీసు కామెడీలంటే ప్రాణం. అలాంటిది మనమూ ఒక ఎపిసోడ్ తీసి వార్షికోత్సవంలో వేద్దామంది. ఎవరి పాత్ర వాళ్ళే వేయాలి. "అంతా సహజంగా ఉండాలండీ," అని పదిసార్లు చెప్పింది.

అందులో ఒక సీను. ఉద్యోగి వచ్చి సెలవడుగుతుంది. మేనేజర్ చిరునవ్వుతో "తీసుకో అమ్మా" అని, ల్యాప్‌టాప్‌లో అప్రూవ్ బటన్ నొక్కుతాడు. ఉద్యోగి సంతోషంగా బయటికి నడిచి వెళుతుంది. ఎపిసోడ్ మొత్తంలో కామెడీ లేని సీను ఇదొక్కటే. స్క్రిప్టు చదివినప్పుడు అందరూ దీనికే ఎక్కువ నవ్వారు.

ఉద్యోగి పాత్రకు భార్గవి అందరికన్నా ముందు చేయెత్తింది. స్క్రీన్ మీద చూపించడానికి ఆమె అసలు అర్జీనే తెరిచిపెట్టారు. ఉత్తుత్తి పేజీ ఒకటి తయారుచేయొచ్చు కానీ, ఆ పని తెలిసిన డిజైనర్ సెలవు దొరక్క ఉద్యోగమే మానేశాడు.

గురువారం మధ్యాహ్నం షూటింగ్. మొదటి టేకులో రాకేశ్ చక్కగా చిరునవ్వు నవ్వి, "చూద్దాం" అన్నాడు. కట్! రెండో టేకులో "తీసుకో అమ్మా, రిలీజ్ అయినంక" అన్నాడు. నాలుగో టేకులో "తీసుకో, మరి నీ పని ఎవరు చేస్తరు?" అన్నాడు. ఆరో టేకులో "తీ" దాకా వచ్చి దగ్గు తెర పట్టుకుంది. తొమ్మిదో టేకులో మాటైతే మొత్తం వచ్చింది కానీ, వేలు బటన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

టీ కప్పులు తెచ్చిన కిష్టయ్యకు జాలేసింది. "గట్ల బలవంతం జెయ్యకుండ్రి మేడం. సార్‌కు అలవాటు లేని మాట. జర నీళ్ళు తాగనియ్యుండ్రి."

"నాకు రాకపోవుడేంది?" అని రాకేశ్‌కు రోషమొచ్చింది. గోడ వైపు తిరిగి నిలబడి, ఎక్కాలు వల్లించినట్టు "తీసుకో అమ్మా, తీసుకో అమ్మా" అని వల్లించాడు. అయినా పదహారో టేకులో మళ్ళీ చూద్దామన్నాడు.

మియాపూర్‌లో ఆరింటికి తాడిపత్రి బస్సు. టైము నాలుగున్నర దాటింది. పదిహేడో టేకుకి భార్గవి స్క్రిప్టు మరిచిపోయింది. "రాకేశ్, నాకు రెండు రోజులు లీవు కావాల. ఈ తూరి పోకపోతే నా పెళ్ళి తప్పిపోతుంది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నటన కాదు.

రాకేశ్ ఆమె మొహంలోకి చూశాడు. పందొమ్మిది రోజుల్లో అర్జీని చూశాడు గానీ అర్జీ పెట్టిన మనిషిని చూడటం అదే మొదటిసారి. "తీసుకో అమ్మా," అన్నాడు, టక్కున నొక్కాడు.

గది నిండా చప్పట్లు! భార్గవి స్క్రిప్టులో ఉన్నట్టే సంతోషంగా బయటికి నడిచింది. కారిడార్ దాటింది, లిఫ్ట్ ఎక్కింది, గేటు దాటింది, ఆటో ఆపి మియాపూర్ అంది.

"ఎంత సహజంగా వెళ్ళిందండీ," అని కృష్ణప్రియ మురిసిపోయింది.

పావుగంటకు రాకేశ్‌కు అనుమానమొచ్చింది. కంగారుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అప్రూవ్ చేసిన సెలవును వెనక్కి తీసుకునే బటన్ ఆ సిస్టమ్‌లో లేదు. ఇచ్చినవాళ్ళే లేరు కనుక, ఆ బటన్ అవసరం ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

చూశారా కామెడీ ఎపిసోడ్ మహిమ? పందొమ్మిది రోజుల బతిమాలుడుకి కానిది పదిహేడు టేకుల్లో అయిపోయింది!

శుక్రవారం పొద్దున తాడిపత్రిలో భార్గవి పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. ముహూర్తానికి పది నిమిషాలుంది. వెంకటరామయ్య గారు అబ్బాయిని పిలవమన్నారు. అనసూయమ్మ గారు తల వంచుకుని, సంచిలోంచి ఒక ట్యాబ్ తీసి, పక్క పీట మీద నిలబెట్టి, పడిపోకుండా వెనక చెంబు ఆనించారు. ట్యాబ్‌లో గిరీష్ కనబడ్డాడు. కోకాపేట ఆఫీసులో, మెడలో ఐడీ కార్డుతో.

"ఏమనుకోవద్దమ్మా," అన్నారు అనసూయమ్మ గారు చిన్న గొంతుతో. "మా వోనికి రిలీజంట. వాళ్ళ మేనేజరు సూద్దామన్న్యాడంట."

వెంకటరామయ్య గారు చేసేదిలేక ట్యాబ్‌కే బొట్టు పెట్టారు. ఉంగరం దగ్గరికి వచ్చేసరికి గిరీష్, "ఒక్క నిమిషం స్వామీ, ఇంకో కాల్‌లో ఉన్నా," అని మ్యూట్ చేసుకున్నాడు.

పెళ్ళి మూఢం పోయాకనే. అంటే మూడు నెలల టైముంది. గిరీష్ కంపెనీ వారిని చేతులు జోడించి వేడుకుంటున్నాను, ఈలోగా మీరూ ఒక్క ఎపిసోడ్ తీయండి. కెమెరా, లైట్లు నేను తెస్తాను, భోజనాలు కూడా నావే. తాళి కట్టేటప్పుడైనా పెళ్ళికొడుకు అక్కడ ఉండాలి కదా!